ఒకే బెంచీ, ఒకే పంక్తి: పిల్లల్లో వివక్షను తగ్గించే తరగతి గది

మనుషుల్ని ‘మనవాళ్లు’, ‘వేరేవాళ్లు’ అని విడదీసి చూడటం పిల్లలకు మూడు నాలుగేళ్ల వయసులోనే మొదలవుతుంది. ఇంట్లో ఎవరూ దీన్ని పాఠంలా చెప్పరు. గడప దాటి లోపలికి వచ్చేదెవరు, వాకిట్లోనే నిలబడి మాట్లాడేదెవరు, కూలికొచ్చిన ముసలాయన్ని ‘ఏరా’ అని పిలిచేదెవరు, ఎవరి చేతి నీళ్లు తాగుతారు, ఎవరికి వేరే గ్లాసు పెడతారు అన్నవన్నీ చూస్తూ పిల్లలు తమంతట తామే ఒక లెక్క కట్టుకుంటారు. ఒకటో తరగతిలో చేరేనాటికి ఆ లెక్క చాలావరకు రూపు దిద్దుకుని ఉంటుంది. వివిధ దేశాల్లో జరిగిన 113 అధ్యయనాలను ఇద్దరు జర్మన్ పరిశోధకులు కలిపి పరిశీలించి 2011లో ఫలితాలు ప్రకటించారు. ఇలాంటి దురభిప్రాయాలు ఐదు నుంచి ఏడేళ్ల మధ్య వయసులో బలంగా ఉంటాయనీ, ఆ తర్వాత కొంత తగ్గే అవకాశం ఉందనీ, పదేళ్లు దాటాక అవి ఎటు పోతాయన్నది చుట్టూ ఉన్న సమాజాన్ని బట్టి ఉంటుందనీ వాళ్లు తేల్చారు. అంటే ప్రాథమిక పాఠశాల నడిచే ఐదేళ్లూ చాలా విలువైనవి. ఆ కాలాన్ని బడి వాడుకోకపోతే ఊరు వాడుకుంటుంది.

గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప నేలల్లో ఈ సంగతి పుస్తకాలకే పరిమితమైన చర్చగా ఉండే వీలు లేదు. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు దళితులను చంపారు. మంచినీళ్ల చెరువు దగ్గర కుడితి బకెట్ కడగడాన్ని దళితులు ఆక్షేపించడం ఆ దాడికి తక్షణ కారణమైంది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులు హతమయ్యారు. అక్కడ గొడవ సినిమా హాల్లో కాలు తగలడంతో మొదలైంది. ఇప్పుడు ఈ రెండు ఊళ్లూ బాపట్ల జిల్లాలో ఉన్నాయి. భూమి, కూలి, అధికారం చుట్టూ అల్లుకున్న ఈ ఘోరాలను బడి ఒక్కటే ఆపగలిగేదని ఎవరూ అనలేరు. కాని చుండూరు సినిమా హాల్లో గొడవపడింది కుర్రవాళ్లు. అంతకు కొన్నేళ్ల ముందు వాళ్లంతా బడిపిల్లలే. పక్కవాడి కాలు తగిలితే అది అవమానమని అనుకునే మనసు ఎక్కడో ఒకచోట తయారవుతుంది. అక్కడికి ముందుగా చేరుకోగలిగింది బడే.

కాని బడి కూడా ఈ వివక్ష గాయాలు చేసిన చోటే. గుర్రం జాషువా 1895 సెప్టెంబర్ 28న వినుకొండలో పుట్టారు. చదువుకోవడానికి వెళ్లిన చోట తోటి పిల్లల నుంచీ, పెద్దల నుంచీ కులం పేరుతో అవమానాలు పడ్డారు. తర్వాత ఆయనే ఉపాధ్యాయుడయ్యారు, తెలుగు పండితుడయ్యారు, 1941లో ‘గబ్బిలం’ రాశారు. ఆ చిన్ననాటి అనుభవం ఆయన కవిత్వంలో చివరిదాకా కనిపిస్తూనే ఉంటుంది. ఆయన కూతురు హేమలత, సంఘసంస్కర్త గోరా కుమారుడు లవణం దంపతులు 1970లలో స్టువర్టుపురంలో సంస్కరణ కార్యక్రమం చేపట్టారు. 1913లో సాల్వేషన్ ఆర్మీ ఆధ్వర్యంలో ఏర్పడిన ఆ ఊరికి చుట్టుపక్కల ఎరుకల కుటుంబాలను తెచ్చి కాపలా మధ్య ఉంచారు. పుట్టుకతోనే నేరస్థులన్న ముద్ర వాళ్లపై వేసిన నేరస్థ తెగల చట్టం 1952లో రద్దయింది కాని ముద్ర రద్దు కాలేదు. ఊరి పేరు చెబితే చాలు, తరగతిలో ఎవరి పెన్సిల్ పోయినా చూపులన్నీ ఆ ఊరి పిల్లవాడి మీదికే వెళతాయి. సినిమాలు ఆ పేరును మళ్లీ మళ్లీ దొంగతనాలతో ముడిపెట్టి చూపించాయి. తాతల కాలంలో ప్రభుత్వమే వేసిన ముద్రను మనవడి పుస్తకాల సంచి మీద చూడటం అన్యాయం. అది అన్యాయమని తోటి పిల్లలకు తెలియాలంటే ఎవరైనా ఆ చరిత్ర చెప్పాలి.

తరగతి గదిలో వివక్ష తగ్గించే ప్రయత్నాలకు మూలసూత్రం 1954లో వచ్చింది. అమెరికా మనస్తత్వవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ ఆ ఏడాది ప్రచురించిన పుస్తకంలో, వేర్వేరు వర్గాలవాళ్లు ఒకచోట ఉన్నంత మాత్రాన దురభిప్రాయం పోదని చెప్పాడు. ఆ కలయికలో ఇద్దరికీ సమాన స్థాయి ఉండాలి. ఇద్దరికీ ఒకే లక్ష్యం ఉండాలి. అది పోటీ పడితే కాక, పొత్తుగా పనిచేస్తేనే అందేదై ఉండాలి. పైన ఉన్న పెద్దలు దాన్ని మనస్ఫూర్తిగా సమర్థించాలి. పల్లెటూరి అనుభవంతో చూస్తే ఈ షరతుల విలువ ఇట్టే అర్థమవుతుంది. మిరప కోతల్లో రైతూ కూలీలూ ఒకే చేలో రోజంతా గడుపుతారు. తరతరాలుగా గడుపుతున్నారు. అయినా దూరం తగ్గలేదు. ఆ కలయికలో ఒకరు కూలి ఇచ్చేవాళ్లు, ఇంకొకరు పుచ్చుకునేవాళ్లు. పక్కపక్కన ఉండటం వేరు, సమానంగా ఉండటం వేరు.

ఈ ప్రాంతంలో పక్కపక్కన ఉండటం కూడా పిల్లలందరికీ దక్కదు. చాలా ఊళ్లలో ఊరి బడి ఒకటి, ఎస్సీ కాలనీ బడి ఒకటి విడిగా నడిచాయి. మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల అన్న పేరు చివర అది హరిజనవాడ బడి అని తెలిపే అక్షరాలు తగిలించిన బోర్డులు ఎన్నో ఉండేవి. అలాంటి చోట ఐదో తరగతి వరకు పిల్లలు వేర్వేరుగా చదువుకుని, ఆరో తరగతిలో జిల్లా పరిషత్ హైస్కూలుకు వచ్చాకే మొదటిసారి ఒక గదిలో కూర్చుంటారు. అప్పటికి పదేళ్లు నిండుతాయి. విలువైన ఆ ఐదేళ్లూ అయిపోతాయి. ఈలోగా స్తోమత ఉన్న ఇళ్ల పిల్లలను పొద్దున్నే ప్రైవేటు స్కూలు బస్సు పట్నానికి తీసుకుపోతుంది. ఊళ్లో మిగిలిన ప్రభుత్వ బడిలో దాదాపు అంతా కూలి కుటుంబాల పిల్లలే మిగులుతారు. జనవరి నుంచి మార్చి దాకా మిరప కోతలకు కర్నూలు పడమటి మండలాల నుంచి వలస వచ్చే కుటుంబాల పిల్లలైతే ఆ బడికి కూడా రారు, చేలగట్ల మీదే ఉంటారు. తరగతి గది కార్యక్రమాల గురించి మాట్లాడేవాళ్లు తరచు దాటవేసే సంగతి ఇది. కలిపి కూర్చోబెట్టాలంటే ముందు తరగతిలో అందరూ ఉండాలి.

అందరూ ఉంటే ఏమవుతుందో ఢిల్లీలో తెలిసింది. అక్కడ ప్రభుత్వం చౌకగా భూమి ఇచ్చిన ఖరీదైన ప్రైవేటు పాఠశాలలు 2007 నుంచి కొన్ని సీట్లు పేద పిల్లలకు కేటాయించాల్సి వచ్చింది. ఆర్థికవేత్త గౌతమ్ రావు ఆ బడులను పరిశీలించారు. పేద సహాధ్యాయులున్న సంపన్న పిల్లలు ఇతరులకు ఎక్కువ సాయం చేశారు. పరుగు పందెంలో జట్టు ఎంచుకోమంటే, వేగంగా పరిగెత్తే పేద పిల్లవాడిని వదిలి నెమ్మదిగా పరిగెత్తే తమలాంటి సంపన్న పిల్లవాడిని ఎంచుకోవడం వాళ్లలో తక్కువగా కనిపించింది. తమ పిల్లల చదువు చెడుతుందని తల్లిదండ్రులు పడిన భయం చాలావరకు నిజం కాలేదు. విద్యాహక్కు చట్టం 2009లో పెట్టిన 25 శాతం సీట్ల నిబంధనను ఈ ఫలితాలు సమర్థిస్తున్నాయి. ఆ నిబంధనను భారంగా చూసే యాజమాన్యాలు తమ బడిలోని మిగతా 75 శాతం పిల్లలకు జరిగే మేలును గుర్తించడం లేదు.

కలిసి చేసే పని ఎలాంటిదన్నది కూడా ముఖ్యమే. 2017లో వారణాసి పరిసర గ్రామాల్లో కుర్రవాళ్లతో జరిపిన క్రికెట్ లీగ్ ప్రయోగంలో వేర్వేరు కులాలవాళ్లు ఒకే జట్టులో ఆడితే స్నేహాలు పెరిగాయి. ఎదుటి జట్లలో ఉండి తలపడితే అలాంటి మేలు జరగలేదు, కొన్ని విషయాల్లో కీడే జరిగింది. ఊరి జట్టు, కాలనీ జట్టు అంటూ సంక్రాంతికి పోటీలు పెట్టే పెద్దలకు ఇది తెలియాలి.

ఆంధ్రప్రదేశ్ బడుల్లో ఇప్పటిదాకా జరిగిన అతి పెద్ద కార్యక్రమం పాఠ్యపుస్తకంలో లేదు, మధ్యాహ్న భోజనం పళ్లెంలో ఉంది. సుప్రీంకోర్టు 2001 నవంబర్ 28న ప్రాథమిక పాఠశాలల్లో వండిన అన్నం పెట్టాలని ఆదేశించింది. రాష్ట్రంలో 2003 జనవరి నుంచి అది అమలైంది. నేడు ఈ పథకం డొక్కా సీతమ్మ పేరుతో నడుస్తోంది. ఆకలి తీర్చడానికి, హాజరు పెంచడానికి పెట్టిన పథకమే అయినా, సహపంక్తి భోజనం అన్న పాత సంస్కర్తల కలను అది రోజువారీ పనిగా మార్చింది. కులాలు కలిసి కూర్చుని తినాలని గోరా ఒకప్పుడు కృష్ణా జిల్లా ఊళ్లలో ఎంతో పట్టుదలతో భోజనాలు ఏర్పాటు చేసేవారు. అప్పుడు దానికి ధైర్యం కావలసి వచ్చింది. ఇప్పుడు మధ్యాహ్నం గంట కొడితే చాలు.

కాని గంట కొట్టినంత మాత్రాన పంక్తి ఒకటి కాదు. 2003లో ఐదు రాష్ట్రాల్లోని 531 గ్రామాల్లో చేసిన సర్వేను పరిశోధకులు సుఖదేవ్ థోరట్, జోయెల్ లీ 2005లో ప్రచురించారు. భోజనం దగ్గర వెలి, వివక్ష రాజస్థాన్‌లో 52 శాతం, తమిళనాడులో 36 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 24 శాతం గ్రామాల్లో కనిపించాయి. దళిత పిల్లలను వేరే వరుసలో కూర్చోబెట్టడం, వాళ్లకు చివర వడ్డించడం, దళిత మహిళ వండితే పెద్ద కులాల తల్లిదండ్రులు పిల్లలను తిననివ్వకపోవడం వంటివి ఇందులో ఉన్నాయి. ఆంధ్రలో పరిస్థితి కొంత మెరుగ్గా ఉండటానికి కారణాలు వెతికితే ఒకటి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అప్పుడు ఇక్కడ సర్వే చేసిన గ్రామాల్లో దాదాపు సగం చోట్ల వంటవాళ్లు దళితులే. 2004 ఏప్రిల్ 20న సుప్రీంకోర్టు వంటవాళ్ల నియామకంలో దళితులకు, షెడ్యూల్డ్ కులాలు, తెగలవారికి ప్రాధాన్యం ఇవ్వాలని ఆదేశించింది. గరిటె ఎవరి చేతిలో ఉందన్నది చిన్న విషయంలా తోస్తుంది. రోజూ ఆ చేతి అన్నం తిన్న పిల్లవాడికి ఇంటి దగ్గర చెప్పే మైల మాట ఏదో ఒకరోజు అబద్ధమని తెలుస్తుంది. అందుకే వంట మనిషి మీద ఫిర్యాదు వచ్చినప్పుడు హెడ్‌మాస్టరు తలొగ్గాడా, నిలబడ్డాడా అన్నదే ఆ బడి పరీక్ష.

భోజనం తర్వాత చదువు. 1971లో అమెరికాలోని ఆస్టిన్ నగరంలో నల్ల, తెల్ల పిల్లలను మొదటిసారి ఒకే తరగతుల్లో కూర్చోబెట్టినప్పుడు గొడవలు చెలరేగాయి. వాటిని తగ్గించడానికి ఇలియట్ ఆరన్‌సన్ అనే మనస్తత్వవేత్త ఒక పద్ధతి తయారు చేశాడు. తరగతిని ఐదారుగురు ఉండే గుంపులుగా చేస్తారు. ఒక్కో గుంపులో అన్ని రకాల పిల్లలూ ఉంటారు. పాఠాన్ని అన్నే ముక్కలు చేసి ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇస్తారు. ఒకే ముక్క అందుకున్నవాళ్లు వేరే చోట కలుసుకుని దాన్ని బాగా నేర్చుకుంటారు. తర్వాత తమ గుంపుకు తిరిగొచ్చి మిగతావాళ్లకు చెబుతారు. పరీక్ష మాత్రం మొత్తం పాఠం మీద ఉంటుంది. పక్కవాడు చెప్పేది శ్రద్ధగా వినకపోతే మార్కులు రావు. అతన్ని వెక్కిరిస్తే నష్టం వెక్కిరించినవాడికే. దీనికి అదనపు ఖర్చు ఏమీ ఉండదు.

ఈ పద్ధతికి గుంటూరు సీమలో మిరప పంటే చక్కటి పాఠం. నారుమడి పోయడం, నాటు, తెగుళ్లు, కోత, కల్లంలో ఎండబెట్టడం, తాలు కాయ వేరు చేయడం, గుంటూరు యార్డులో ధర పలకడం అని దాన్ని ముక్కలు చేయవచ్చు. ప్రతి పిల్లవాడూ తన భాగం గురించి ఇంట్లోనో వీధిలోనో ఒక పెద్దను అడిగి తెలుసుకుని రావాలి. కోత గురించీ, తాలు ఏరడం గురించీ కూలి తల్లులకు తెలిసినంత ఎవరికీ తెలియదు. మామూలు రోజుల్లో వెనక బెంచీలో మౌనంగా ఉండే పిల్ల ఆ రోజు గుంపు మొత్తానికి టీచరవుతుంది. అయితే ఇందులో జాగ్రత్త అవసరం. ‘మీ అమ్మ కూలికి పోతుంది కదా, నువ్వు చెప్పు’ అని టీచరు నలుగురిలో అన్నాడంటే పాఠం అంతా వ్యర్థమవుతుంది. భాగాలను చీటీలు తీసి పంచాలి. భూమి ఉన్న ఇంటి పిల్లవాడికి కోత, కూలి ఇంటి పిల్లవాడికి యార్డు ధర పడితే అదీ మంచిదే. ఇద్దరూ ఒకరి ఇంటి సంగతి ఒకరు అడగాల్సి వస్తుంది.

నలుగురిలో కులం ప్రస్తావిస్తే ఎంత నష్టమో పరిశోధకులు కార్లా హాఫ్, ప్రియాంకా పాండే ఉత్తరప్రదేశ్‌లో చేసిన ప్రయోగం చూపించింది. ఆరు, ఏడు తరగతులు చదివే 321 మంది పెద్ద కులాల అబ్బాయిలకు, 321 మంది దళిత అబ్బాయిలకు కాగితం మీద చిక్కుదారుల పజిల్స్ ఇచ్చారు. కులం మాట ఎత్తనప్పుడు రెండు వర్గాలూ సమానంగా చేశాయి. అందరి ముందూ పేరు, కులం చదివి మొదలుపెట్టినప్పుడు దళిత పిల్లలు చేసినవి బాగా తగ్గిపోయాయి. తెలివిలో తేడా లేదు, చదివి వినిపించడంలోనే తేడా ఉంది. ‘ఎస్సీ, ఎస్టీ పిల్లలు లేచి నిలబడండి, స్కాలర్‌షిప్ ఫారాలు’ అనే కేక మన తరగతుల్లో ఎన్ని వేలసార్లు వినిపించి ఉంటుందో ఆలోచిస్తే బాధ కలుగుతుంది. తమిళనాడులో 2023లో నాంగునేరిలో ఒక దళిత విద్యార్థిపై తోటి విద్యార్థులు ఇంటికెళ్లి దాడి చేశాక, ప్రభుత్వం జస్టిస్ కె. చంద్రు కమిటీ వేసింది. 2024 జూన్‌లో ఇచ్చిన నివేదికలో ఆ కమిటీ హాజరు పట్టీల్లో కులం కనిపించకూడదనీ, స్కాలర్‌షిప్ సమాచారం విద్యార్థికి విడిగా చెప్పాలనీ, కులాన్ని సూచించే రంగు తాళ్లు మణికట్టుకు కట్టుకోనివ్వకూడదనీ సిఫారసు చేసింది. పక్క రాష్ట్రం నుంచి నేర్చుకోదగిన సంగతులివి.

అయితే కులం మాటే ఎత్తకుండా ఉంటే సరిపోతుందా? సరిపోదు. పిల్లవాడి కులాన్ని బయటపెట్టడం వేరు, కులం చేసిన అన్యాయాన్ని చదివించడం వేరు. అమెరికాలో 2007లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో ప్రసిద్ధ నల్లజాతి వ్యక్తుల జీవితాలను పిల్లలకు రెండు రకాలుగా చెప్పారు. వాళ్లు ఎదుర్కొన్న వివక్షతో సహా విన్న తెల్ల పిల్లల్లో నల్లవారి పట్ల అభిప్రాయం మెరుగైంది. సాధించిన ఘనత మాత్రమే విన్నవాళ్లలో అంత మార్పు రాలేదు. జాషువాను మహాకవి అని చెప్పి పద్యం అప్పజెప్పించి ఊరుకుంటే పిల్లలకు ఆయన ఇంకో పేరు మాత్రమే. వినుకొండలో ఆయనకు ఏం జరిగిందో కూడా చెబితే పద్యం ఎందుకు పుట్టిందో తెలుస్తుంది. రాష్ట్ర ఆరో తరగతి సాంఘిక శాస్త్రంలో ‘సమానత్వం వైపు’ అనే పాఠం ఉంది. అది సంవత్సరం చివర, పరీక్షల తొందరలో, ప్రశ్న జవాబులుగా ముగిసిపోతే దానివల్ల ఏ ప్రయోజనమూ లేదు.

వారాల తరబడి, నెలల తరబడి సాగే చర్చలకు మాత్రం ఫలితం ఉంది. హర్యానాలో 314 ప్రభుత్వ పాఠశాలలను ఎంచుకుని, వాటిలో దాదాపు సగం చోట్ల రెండున్నరేళ్లపాటు ఆడ, మగ సమానత్వం మీద జరిగిన కార్యక్రమం దీనికి మంచి ఉదాహరణ. కొన్ని వారాలకొకసారి ముప్పావు గంట పిల్లలతో ఇంటి పనుల గురించి, అక్కాచెల్లెళ్ల చదువు గురించి మాట్లాడించారు. ఆడపిల్లల గురించి పాత అభిప్రాయాలు చెప్పుకోదగినంత మారాయి. కార్యక్రమం ముగిసిన రెండేళ్ల తర్వాత కూడా ఆ మార్పు నిలిచింది. టర్కీలో సిరియా శరణార్థుల పిల్లలున్న ప్రాథమిక పాఠశాలల్లో ఎదుటివాళ్ల స్థానంలో ఉండి ఆలోచించడం నేర్పే పాఠాలు ఏడాదిపాటు చెప్పించారు. పిల్లల మధ్య కొట్లాటలు, వెలివేతలు తగ్గాయి. వీటికి భిన్నంగా ఒక్క రోజు జరిపే వేడుకలు, ప్రతిజ్ఞలు, వ్యాసరచన పోటీలు పిల్లల మనసులో నిలవవు. ప్రపంచవ్యాప్తంగా ఇలాంటి కార్యక్రమాలను పరీక్షించిన పరిశోధనలను 2014లో కలిపి చూసినప్పుడు సగటు ఫలితం ఓ మాదిరిగానే తేలింది. పిల్లలను నేరుగా కలిపి పనిచేయించినవీ, ఎదుటివారి బాధ అర్థం చేసుకోవడం నేర్పినవీ వాటిలో ముందున్నాయి. అద్భుతాలు ఆశించకూడదు, అలాగని వదిలేయకూడదు.

ఇవన్నీ చివరికి టీచరు మీదికే వస్తాయి. తరగతి ఊడ్చమని ఎవరికి చెబుతాడు, తాగే నీళ్లు ఎవరితో తెప్పించుకుంటాడు, తప్పు చేసినవాడిని తిట్టేటప్పుడు నోట ఏ మాట వస్తుంది అన్నవి పిల్లలు పాఠం కన్నా శ్రద్ధగా గమనిస్తారు. గుంటూరు జిల్లా తాడికొండలో 1972లో మొదలైన గురుకుల పాఠశాల ఇందుకు చెప్పుకోదగిన అనుభవం. అన్ని కులాల పిల్లలు అక్కడ ఒకే డార్మిటరీలో పడుకుని, ఒకే మెస్‌లో తిని, ఒకే గ్రౌండ్‌లో ఆడుకుని పెరిగారు. ప్రతి ఊరినీ గురుకులం చేయలేం. కాని ప్రతి తరగతిలో వారానికోసారి సీట్లు మార్చవచ్చు. ఊడ్చే పని, వడ్డించే పని, నీళ్ల పని పేర్ల వరుసలో అందరికీ వంతులవారీగా ఇవ్వవచ్చు. ఊరి బడీ కాలనీ బడీ ఒకే ప్రాంగణంలోకి తేవచ్చు.

చట్టం ఇప్పటికే పిల్లల పక్షాన ఉంది. బలహీన వర్గాల పిల్లలపై బడిలో వివక్ష జరగకుండా చూడటం ప్రభుత్వ బాధ్యత అని విద్యాహక్కు చట్టం ఎనిమిదో సెక్షన్ చెబుతోంది. ప్రభుత్వ బడిని పర్యవేక్షించే కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలనీ, సగం మంది మహిళలు ఉండాలనీ ఇరవై ఒకటో సెక్షన్ చెబుతోంది. ఆ కమిటీలో కూర్చున్న ప్రతి తల్లీ తండ్రీ జూన్‌లో బడి తెరిచిన మొదటి సమావేశంలోనే అడగాలి: పిల్లలు ఎవరి పక్కన ఎవరు కూర్చుంటున్నారు, అన్నం ఎవరు వండుతున్నారు, అందరూ తింటున్నారా, గది ఎవరు ఊడుస్తున్నారు? జవాబు నచ్చకపోతే మినిట్స్ పుస్తకంలో రాయించి, తర్వాతి సమావేశంలో మళ్లీ అడగాలి.